ఎమిలీ ఆ తెర ఎందుకు ఎత్తింది? గోథిక్ నవలలో దిగులు మీద మోజు పనిచేసే తీరు

సంక్షిప్తంగా: ఆన్ రాడ్‌క్లిఫ్ రాసిన గోథిక్ నవల, అంటే పాత కోటలూ మర్మాలూ భయమూ చుట్టూ తిరిగే కథ, ‘ది మిస్టరీస్ ఆఫ్ ఉడోల్ఫో’ (1794). దాని కథానాయిక ఎమిలీ సెయింట్ ఆబెర్ చీకటినీ, శిథిలాలనీ, కన్నీళ్లనీ వెతుక్కుంటూ వెళుతుంది. అది జబ్బు కాదు, పిరికితనమూ కాదు. ఆ కాలపు చదువు నేర్పిన అలవాటు. దానికి కొన్ని షరతులున్నాయి. ఆమెను లాగేది విపత్తు కాదు, సగమే కనబడిన విపత్తు. చూపు సగంలో ఆగిపోయి, అక్కడి నుంచి కదిలే వీలు కూడా లేనప్పుడు అదే అలవాటు ఆమెను హింసిస్తుంది.

ఇటలీలోని అపెనైన్ పర్వతాల్లో ఉడోల్ఫో అనే పాత కోట. కొత్తగా వచ్చిన అమ్మాయికి పరిచారిక ఆనెట్ గదులు చూపిస్తూ ఉంటుంది. ఒక గదిలో, గోడకున్న పటం మీద నల్ల పట్టు తెర కప్పి ఉంటుంది. దాని జోలికి పోవద్దని, అందులో ఏదో భయంకరమైన సంగతి ఉందని ఆనెట్ బతిమాలుతుంది. ఎమిలీ అప్పటికి చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. తర్వాత ఒంటరిగా ఆ గదిని వెతుక్కుంటూ పోయి, తెర ఎత్తి, లోపల ఉన్నది పటం కాదని చూసి, గది దాటేలోపే స్పృహ తప్పి పడిపోతుంది.

ఇంగ్లీషు సాహిత్యం చదివే విద్యార్థులు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. అంత భయపడే మనిషి అక్కడికి ఎందుకు వెళ్లింది? వెళ్లేంత ధైర్యం ఉంటే ఎందుకు పడిపోయింది? కొందరు ఆమెను మనోవ్యాధి ఉన్న పాత్రగా చదువుతారు. మరికొందరు రచయిత్రి ఉత్కంఠ కోసం ఆడించిన బొమ్మ అని తోసేస్తారు. ఈ రెండూ నవలలో ఉన్న విషయాన్ని దాటిపోతాయి. ఎమిలీ తెర వైపు వెళ్లే చోటే రాడ్‌క్లిఫ్ కారణం చెప్పేసింది. ఇలాంటి భయం మనసును నింపి, విశాలం చేసి, ఏదో గొప్పది కనబడబోతోందన్న ఎదురుచూపులోకి ఎత్తుతుందట. దేన్ని చూసి వెనక్కి జంకుతున్నామో దాన్నే వెతుక్కునేలా ఒక మంత్రంలా లాగుతుందట. ఈ మాటను నవల మొత్తానికీ అన్వయించి చూస్తే ఎమిలీ ప్రవర్తనలో అర్థం కానిది చాలా కొద్దిగానే మిగులుతుంది.

## కథ 1584లో, మనసు 1790లలో

కథ 1584లో, ఫ్రాన్స్‌లోని గాస్కనీ ప్రాంతంలో, గరోన్ నది ఒడ్డున ఉన్న లా వాలే అనే ఇంట్లో మొదలవుతుంది. కానీ అధ్యాయాల తలల మీద రాడ్‌క్లిఫ్ పెట్టిన పద్యపాదాల్లో షేక్‌స్పియర్‌తో పాటు థామ్సన్, గ్రే, కాలిన్స్, బీటీ కనిపిస్తారు. ఈ నలుగురూ 18వ శతాబ్దపు కవులు. ఎమిలీ కొండల్నీ సాయంత్రాల్నీ చూసేది వాళ్ల కళ్లతోనే. పదహారో శతాబ్దపు ఫ్రెంచి అమ్మాయి మనస్తత్వం కోసం ఈ నవలలో వెతికితే దొరకదు.

ఆ కళ్లు తయారవడానికి చాలా కాలం పట్టింది. ప్రాచీన గ్రీకు వైద్యం ప్రకారం శరీరంలో నాలుగు రసాలుంటాయి, వాటిలో నల్లపిత్తం ఎక్కువైతే మనిషి దిగులుగా ఉంటాడు. 1621లో రాబర్ట్ బర్టన్ ఈ దిగులు గురించి ఒక మహాగ్రంథమే రాశాడు. అది జబ్బుల పుస్తకమే అయినా, పండితులకూ కవులకూ ఈ లక్షణం ఎక్కువన్న పాత నమ్మకం దానికి కొంత గౌరవం తెచ్చిపెట్టింది. 18వ శతాబ్దం వచ్చేసరికి పిత్తం స్థానంలోకి నరాలు వచ్చాయి. 1733లో జార్జ్ చేన్ అనే వైద్యుడు నరాల నీరసాన్ని ‘ఇంగ్లీషు జబ్బు’ అన్నాడు. సుఖంగా బతికే, సున్నితమైన తెలివి ఉన్న వర్గాలకు అది ఎక్కువగా వస్తుందన్నాడు. దాంతో దిగులుగా ఉండటం మనసు నాజూకైనదని చూపించే గుర్తు అయింది. 1747లో థామస్ వార్టన్ దిగులులోని ఆనందాల మీదే ఒక దీర్ఘ కవిత రాశాడు. 1751లో థామస్ గ్రే పల్లెటూరి శ్మశానం మీద రాసిన విలాపగీతం అచ్చయింది. 1774లో గేటే రాసిన వెర్థర్ కథ యూరప్‌లో చదువుకున్న యువకుల్ని ఏడిపించింది.

భయం సంగతి తేల్చినవాడు ఎడ్మండ్ బర్క్. 1757లో వచ్చిన తన గ్రంథంలో అతను, ప్రమాదం మరీ దగ్గరగా ఉంటే అది కేవలం బాధ, కొంత దూరంలో, కొన్ని మార్పులతో ఉంటే అదే ఒక రకమైన ఆహ్లాదం అన్నాడు. కారణం కూడా శరీరంలోనే వెతికాడు. కండరాలకు శ్రమ ఎలా అవసరమో సూక్ష్మమైన నరాలకు భయం అలాంటి వ్యాయామం అని అతని వాదన. శూన్యం, చీకటి, ఒంటరితనం, నిశ్శబ్దం, అంటే ఏదో ఒకటి లేకపోవడం, మనిషిని కదిలిస్తాయన్నాడు. అతను ఇచ్చిన ఒక ఉదాహరణ ఇప్పటికీ గుచ్చుకుంటుంది. గొప్ప నటులతో గొప్ప విషాద నాటకం ఆడుతున్న నాటకశాలలో, పక్క కూడలిలో ఒక పెద్ద రాజకీయ ఖైదీకి మరణశిక్ష అమలు చేయబోతున్నారని చెప్పండి, క్షణంలో హాలు ఖాళీ అవుతుందన్నాడు. మనుషులు విపత్తును కోరుకుంటారని అతను అనలేదు. జరిగిపోతున్న విపత్తును చూడాలని కోరుకుంటారన్నాడు. ఎమిలీకి సరిగ్గా వర్తించే తేడా ఇది.

## దిగులు తయారయ్యే విధానం

మొదటి అధ్యాయంలోనే రాడ్‌క్లిఫ్ ఎమిలీ అలవాటును విడివిడి భాగాలుగా చూపించింది. అమ్మాయికి పూలతోటల కంటే కొండ అంచున ఉన్న అడవి దారి ఇష్టం, దానికంటే కొండల లోపలి నిర్జన ప్రదేశాలు ఇంకా ఇష్టం. అక్కడ ఒంటరిగా, పడమర ఆఖరి వెలుగు పోయేదాకా నిలబడుతుంది. గొర్రె మెడలోని గంట, దూరాన కాపలా కుక్క మొరుగు తప్ప చప్పుడు ఉండదు. ఆకులు ఆగి ఆగి కదులుతాయి. సంజవెలుగులో గబ్బిలం ఎగిరిపోతుంది. గుడిసెల్లో దీపాలు ఒకసారి కనబడతాయి, మరుక్షణం మరుగవుతాయి. ఇవే ఆమె మనసును పనిలోకి దించి, ఆవేశం వైపు, కవిత్వం వైపు నడిపిస్తాయని రాడ్‌క్లిఫ్ స్పష్టంగా రాసింది.

ఈ వర్ణనను ప్రకృతి శోభగా చదివి దాటేస్తే నవల తాళం చెవి పోగొట్టుకున్నట్టే. ఇందులో ప్రతి వస్తువుకూ ఒకే గుణం ఉంది: అది పూర్తిగా లేదు. వెలుగు ఉంది, పోతోంది. చప్పుడు ఉంది, దాని మూలం కనబడదు. దీపం ఉండీ లేనట్టుంది. పట్టపగలైతే చూడటానికి ఏమీ మిగలదు, చిమ్మచీకటైతే చూడటమే కుదరదు. ఈ రెండింటి మధ్య దొరికే కొద్దిసేపట్లో, కంటికి అందని భాగాన్ని ఊహ పూరిస్తుంది. ఆ పూరించే పనిలోనే సుఖం ఉంది.

ఇది నడవాలంటే మరో మూడు ఏర్పాట్లు కావాలి. ఒకటి, తిరిగి వెళ్లడానికి ఇల్లు. ఎమిలీ ఎంత పొద్దుపోయేదాకా నిలబడినా తల్లిదండ్రులున్న ఇల్లు దగ్గరలోనే ఉంది. రెండు, ఎంతసేపు ఉండాలో తానే నిర్ణయించుకోగలగడం. మూడు, వచ్చిన భావాన్ని ఒక రూపంలో దించుకునే పని. ఎమిలీ పద్యాలు రాస్తుంది, వీణ లాంటి లూట్ వాయిస్తుంది, బొమ్మలు గీస్తుంది. మొదటి అధ్యాయంలోనే మిణుగురు పురుగు మీద ఆమె పద్యం ఒకటి పూర్తిగా అచ్చయి ఉంటుంది. నవల పేరు కిందే, మధ్యమధ్య పద్యాలు కలిపిన రొమాన్స్ అని ప్రకటన ఉంది. నేటి పాఠకులు ఈ పద్యాలను దాటేస్తారు. కవిత్వంగా అవి గొప్పవి కావన్నది నిజమే. కానీ అవి దిగులుకు బయటికి పోయే దారి. ఎమిలీ ఎక్కడ రాయగలుగుతోందో, ఎక్కడ కలం కదలక ఆపేస్తోందో గమనిస్తే ఆమె మనఃస్థితి వేరే వ్యాఖ్యానం లేకుండానే తెలుస్తుంది.

ఆధునిక మనస్తత్వ శాస్త్రం కూడా దాదాపు ఇక్కడికే వచ్చింది. ఏడిపించే పాటలు, మంటపుట్టే మిరపకాయ, భయపెట్టే సినిమాల మీద మనుషుల ఇష్టాన్ని పాల్ రోజిన్ బృందం 2013లో హాని లేని స్వీయహింసగా వర్ణించింది. శరీరం ప్రమాదమని కేకపెడుతుంటే, ప్రమాదం లేదని మనసుకు తెలిసి ఉండటమే అందులోని ఆనందం. మనసుకు ఆ భరోసా పోయిందంటే ఆనందమూ పోతుంది.

## తండ్రి గీసిన గీత

ఎమిలీ తండ్రి సెయింట్ ఆబెర్ ఈ అలవాటులోని ప్రమాదాన్ని ముందే గుర్తిస్తాడు. కూతురి మనసు శాశ్వతమైన ప్రశాంతత దొరకనంత సున్నితమని అతనికి తెలుసు. అందుకే ఆమెకు లాటిన్, ఇంగ్లీషు, శాస్త్ర విషయాలు నేర్పుతాడు. మనసులో పుట్టిన మొదటి ఉద్వేగాన్ని వెంటనే నమ్మకుండా చల్లగా పరిశీలించమని అలవాటు చేస్తాడు. చనిపోయే ముందు చెప్పిన మాటల్లో ముఖ్యమైనది ఇది: సున్నితంగా స్పందించగలనన్న గర్వానికి లొంగిపోకు, మంచి మనసులు చేసే పొరపాటు అదే. అలాంటి మనసు చుట్టూ ఉన్న ప్రతి విషయంలోంచీ మితిమీరిన దుఃఖాన్నో సంతోషాన్నో పిండుకుంటూనే ఉంటుంది.

అతను దుఃఖాన్ని నిషేధించలేదు. ఆయనా సంధ్యవేళల్లో ఒంటరిగా తిరిగే మనిషే. దుఃఖం తనకు అలంకారమని అనుకోవడాన్నే కాదన్నాడు. ఈ తేడాను 1811లో జేన్ ఆస్టిన్ ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’లో మరియాన్ పాత్రతో ఇంకా పదునుగా చూపించింది. ప్రియుడు వెళ్లిపోయిన మొదటి రాత్రి నిద్ర పట్టి ఉంటే మరియాన్ తనను తాను క్షమించుకునేది కాదంటుంది రచయిత్రి. అతనికి వినిపించిన పాటలే మళ్లీ మళ్లీ వాయించి బాధను పెంచుకుంటుంది. చివరికి తడిసిన గడ్డిలో సాయంత్రపు నడకలు, తడి బూట్లతో కూర్చోవడం, ప్రాణం మీదికి వచ్చిన జ్వరం. మరియాన్ బాధను తవ్వుకుంటూ ఉంటుంది. ఎమిలీ దాన్ని పద్యంగా మలుస్తుంది, కనీసం ఇంట్లో ఉన్నంతకాలం.

## ఉడోల్ఫోలో ఏం మారింది?

తల్లి, తర్వాత తండ్రి పోయాక ఎమిలీ మేనత్త మదామ్ షెరోన్ సంరక్షణలోకి వెళుతుంది. మేనత్త మోంటోనీ అనే ఇటాలియన్‌ను పెళ్లాడుతుంది. అతను వాళ్లను వెనిస్‌కూ, అక్కడి నుంచి ఉడోల్ఫో కోటకూ తీసుకుపోతాడు. కోట మొదటిసారి కనబడే దృశ్యం లా వాలే సాయంత్రాల సూత్రంతోనే రాసింది రాడ్‌క్లిఫ్. సూర్యుడు కొండల వెనక్కి జారాడు, గోడల మీది వెలుగు మసకబారి ఊదారంగులోకి మారుతోంది, బురుజుల అంచులు మాత్రం ఇంకా మెరుస్తున్నాయి. ఎమిలీ అలవాటు ప్రకారమే దిగులు కలిసిన విస్మయంతో చూస్తూ ఉండిపోతుంది.

తేడా గది తలుపులో తెలుస్తుంది. ఆమెకిచ్చిన పడకగదిలోంచి ఒక మెట్లదారికి పోయే తలుపు ఉంది. దానికి గది లోపలి వైపు గడియ లేదు, అవతలి వైపు రెండు ఉన్నాయి. ఎమిలీ బరువైన కుర్చీ ఒకటి లాగి అడ్డం పెడుతుంది. తర్వాత ఒక రాత్రి, ఆమెను పెళ్లాడాలని పట్టుబట్టిన కౌంట్ మొరానో ఆమెను ఎత్తుకుపోవడానికి ఆ తలుపులోంచే వస్తాడు. లా వాలేలో ఎప్పుడు ఆపాలో ఎమిలీ చేతిలో ఉండేది. ఇక్కడ గడియ అవతలివాడి చేతిలో ఉంది. బర్క్ చెప్పిన దూరం ఈ నవలలో ఒక గడియ మందానికి కుదించుకుపోయింది. రాడ్‌క్లిఫ్ నేర్పు ఇలాంటి చిన్న వివరాల్లోనే ఉంది, ఆమెను ఆషామాషీ భయాల రచయిత్రిగా కొట్టేసేవారు ఇవి చూడరు.

## సగం చూపు

ఇక తెర సంగతి. నవలలో ఎమిలీ మూడుసార్లు చూడకూడనిదాన్ని చూస్తుంది, మూడుసార్లూ సగమే చూస్తుంది.

మొదటిది కాగితాలు. తండ్రి దాచిన కాగితాల కట్టను చదవకుండా కాల్చేయాలని ఆయన ఆజ్ఞ. కాల్చే సమయంలో పొరపాటున ఒక వాక్యం కంటపడుతుంది, భయంకరమైన వాక్యమని మాత్రమే పాఠకుడికి తెలుస్తుంది. కాగితాలు బూడిదైపోతాయి, అనుమానం మిగిలిపోతుంది. వాటితో పాటు దొరికిన స్త్రీ చిత్రం ఎవరిదో తెలియక తండ్రి గత జీవితం గురించి నవల చివరిదాకా లోలోపల నలిగిపోతుంది. ఆ స్త్రీ తండ్రి సొంత సోదరి, విల్లెరోయ్ మార్క్విస్ అనే ప్రభువు భార్య.

రెండోది నల్ల తెర. రెండో సంపుటంలో ఎత్తిన ఆ తెర వెనక ఏముందో నాలుగో సంపుటం ఆఖరికి గాని చెప్పదు రాడ్‌క్లిఫ్. గోడలోని గూటిలో శవవస్త్రాలు కట్టిన పాలిపోయిన మానవాకారం, ముఖం మీద, చేతుల మీద పురుగులు. అది మైనపు బొమ్మ. ఎమిలీ మాత్రం దాన్ని కోట పాత యజమానురాలు లారెంటీనీ శవమని, ఆమెను మోంటోనీ చంపించాడని నమ్ముతుంది. ఆ నమ్మకంతోనే తర్వాతి నెలలన్నీ గడుపుతుంది. మూడోది, మేనత్తను వెతుకుతూ వెళ్లిన చోట మరో తెర లాగితే కనబడిన నెత్తుటి శవం. అది గాయాలతో చనిపోయిన సైనికుడిది. ఎమిలీ దాన్ని మేనత్త అనుకుంటుంది. అప్పటికి మేనత్త బతికే ఉంది.

మొదటి తెర వెనక బొమ్మ, రెండో తెర వెనక నిజమైన శవం. ఎమిలీ స్పందన రెండు చోట్లా ఒకటే: ఒక్క చూపు, స్పృహ తప్పడం, తప్పుడు నిర్ణయం. మైనపు బొమ్మ దగ్గర రాడ్‌క్లిఫ్ రెండు మాటలు పక్కపక్కనే పెట్టింది. అలాంటి దృశ్యాన్ని ఎవరూ రెండోసారి చూడలేరని ఒకటి. ఎమిలీ మళ్లీ చూసే సాహసం చేసి ఉంటే భ్రమా భయమూ కలిసి మాయమయ్యేవని రెండోది. మొత్తం నవల నడిచే యంత్రం ఈ రెండు మాటల మధ్య ఉంది. ఆకర్షణ మొదటి చూపు దాకా తీసుకువెళుతుంది. విముక్తి రెండో చూపులో ఉంది. అక్కడికి తీసుకువెళ్లే శక్తి ఆకర్షణకు లేదు, దానికి తండ్రి నేర్పిన చల్లని పరిశీలన కావాలి.

ఆ బొమ్మ పుట్టుక ఈ విషయాన్ని ఇంకా బలపరుస్తుంది. ఉడోల్ఫో వంశపు మార్క్విస్ ఒకడు చర్చికి చేసిన అపరాధానికి ప్రాయశ్చిత్తంగా, రోజూ కొన్ని గంటలు దాని ఎదుట కూర్చుని చూడాలని శిక్ష పడింది. చావు ఎలా ఉంటుందో చూసి గర్వం అణగాలని ఉద్దేశం. వారసులు దాన్ని కాపాడకపోతే ఆస్తిలో కొంత పోతుందని అతను వీలునామాలో రాశాడు. అంటే ఆ వస్తువు తయారైందే తదేకంగా, రోజూ, గంటల తరబడి చూడటానికి. అలా చూసినవాడికి అది పాఠం. రెప్పపాటు చూసి తెర వదిలేసిన అమ్మాయికి అది హత్య.

## అదే యంత్రం, వేరే ఇల్లు

రాడ్‌క్లిఫ్ నవల చదివిన పాఠకురాలికి ఏమవుతుందో జేన్ ఆస్టిన్ ‘నార్తాంగర్ అబీ’లో రాసింది. 1803లో ఒక ప్రచురణకర్త దాన్ని 10 పౌండ్లకు కొని అచ్చు వేయకుండా పక్కన పెట్టాడు. ఆస్టిన్ చనిపోయాక, 1817 చివర్లో అది బయటికి వచ్చింది. ఉడోల్ఫో హక్కులకు రాడ్‌క్లిఫ్ అందుకున్నది 500 పౌండ్లు. అప్పటి సంతలో ఏ సరుకుకు గిరాకీ ఉందో ఈ రెండు అంకెలు చెబుతాయి.

ఆస్టిన్ కథానాయిక కాథరిన్ మోర్లండ్ ఉడోల్ఫో చదువుతూ, నల్ల తెర వెనక లారెంటీనీ అస్థిపంజరమే ఉంటుందని గట్టిగా నమ్ముతుంది. తర్వాత నార్తాంగర్ అబీ అనే పాత మఠపు భవనంలో అతిథిగా ఉన్న రాత్రి, బయట గాలివాన, గదిలో నల్లని అలమారా. వెతికితే కాగితాల చుట్ట దొరుకుతుంది. అంతలో కొవ్వొత్తి ఆరిపోతుంది. తెల్లవార్లూ వణుకు. కాథరిన్ చేసి ఎమిలీ చేయనిది ఒకటుంది. పొద్దున్నే ఆమె ఆ కాగితాలు విప్పి చదువుతుంది. అవి చాకలి పద్దులు. రెండో చూపు పడగానే భయం పోయింది, సిగ్గు మిగిలింది.

ఆస్టిన్ అక్కడితో ఆపలేదు. ఇంటి యజమాని జనరల్ టిల్నీ భార్యను చంపి ఉంటాడని కాథరిన్ అనుమానిస్తుంది, అది తప్పని తేలుతుంది. కానీ అదే జనరల్, ఆమె అనుకున్నంత ఆస్తిపరురాలు కాదని తెలియగానే, తోడు కూడా ఇవ్వకుండా 70 మైళ్ల ప్రయాణానికి ఇంట్లోంచి పంపేస్తాడు. మనిషి క్రూరుడన్నది నిజమే, కారణం మాత్రం డబ్బు. గోథిక్ పుస్తకాలు కాథరిన్‌కు ప్రమాదం వాసన నేర్పాయి, చిరునామా తప్పు చెప్పాయి.

## గగుర్పాటు ఒకటి, జుగుప్స మరొకటి

రాడ్‌క్లిఫ్ 1823లో చనిపోయాక, 1826లో అచ్చయిన ఆమె వ్యాసంలో రెండు రకాల భయాలను వేరు చేసింది. అస్పష్టంగా, రాబోతున్నట్టుండే భయం ఆత్మను విశాలం చేసి శక్తుల్ని మేల్కొలుపుతుంది. ఎదురుగా నిలబడిన ఘోరం వాటిని కుంచింపజేసి గడ్డకట్టిస్తుంది. తాను రాసేది మొదటిదని ఆమె లెక్క. 1796లో మాథ్యూ లూయిస్ ‘ది మంక్’తో రెండో దారి పట్టాడు. అతని నవలలో శవాలు నిజమైనవి, దయ్యాలు నిజమైనవి, పురుగులు కూడా. ఆ రకం పుస్తకంలో పాఠకుడు ఊహించడానికి పెద్దగా మిగలదు.

రాడ్‌క్లిఫ్ పద్ధతికీ ఖర్చు ఉంది. నాలుగు సంపుటాలు పెంచిన ఉత్కంఠకు ఏ జవాబైనా చిన్నదే అవుతుంది. నవల వచ్చిన ఏడాదే ‘క్రిటికల్ రివ్యూ’ పత్రిక ఈ లోపం పట్టుకుంది: ఆసక్తిని రేపినంతగా తీర్చడం లేదని, తీర్చలేనంత ఎత్తుకు రేపుతోందని. వాల్టర్ స్కాట్ కూడా మర్మాలన్నిటికీ చివర్లో లౌకిక కారణాలు చూపడాన్ని ఒప్పుకోలేదు. ఆ విమర్శ కథనం విషయంలో న్యాయమైనదే. ఎమిలీ పాత్ర విషయంలో కాదు. జవాబు చిన్నదిగా ఉండటం వల్లనే, భయంలో ఎంత భాగం ఎమిలీ సొంతంగా తయారుచేసుకున్నదో కొలవడం సాధ్యమైంది.

## రసశాస్త్రం చేతిలో ఉన్న పాఠకుడికి

విషాదం చదివితే సుఖం ఎందుకన్న ప్రశ్న మన అలంకారికులకు పాతదే. 14వ శతాబ్దపు ‘సాహిత్యదర్పణం’లో విశ్వనాథుడు, కరుణరసంలో దుఃఖమే ఉంటే దాని వైపు ఎవరూ పోరు కదా, రామాయణం కూడా దుఃఖకారణమే అయ్యేది కదా అని వాదించాడు. లోకంలో శోకకారణాలైనవి కావ్యంలోకి వచ్చేసరికి అలౌకికమైన విభావాలు, అంటే రసాన్ని పుట్టించే కారణాలు, అవుతాయన్నది అతని సమాధానం. బర్క్ దూరం అన్న చోట విశ్వనాథుడు అలౌకికత్వం అన్నాడు. ఇద్దరూ చూస్తున్నది ఒకే దిక్కు.

విభావాల్లోని విభజన ఎమిలీ విషయంలో బాగా ఉపయోగపడుతుంది. భావానికి ఆధారమైన వ్యక్తో వస్తువో ఆలంబనం. దాన్ని రగిలించే వేళ, చోటు, చప్పుడు ఉద్దీపనాలు. లా వాలే సాయంత్రాల్లో ఉద్దీపనాలు నిండుగా ఉన్నాయి, ఆలంబనం లేదు. ఎమిలీ అప్పటికి ఏమీ పోగొట్టుకోలేదు. కారణం లేని దిగులు కారణం కోసం ఎదురుచూస్తున్నట్టుంటుంది. తర్వాత వరుసగా తల్లీ తండ్రీ పోయినప్పుడు ఆ ఖాళీ నిండుతుంది, ఆ అధ్యాయాల్లో దుఃఖం సూటిగా, నమ్మదగినదిగా ఉంటుంది. ఉడోల్ఫోలో మళ్లీ ఉద్దీపనాలే మిగిలి, ఆలంబనం ఉండాల్సిన చోట నల్ల తెర వేలాడుతుంది. అక్కడ ఎవరి శవాన్ని పెట్టాలో ఎమిలీ ఊహ నిర్ణయించుకుంటుంది.

తెలుగులో ఈ మనోధర్మానికి దగ్గరగా వచ్చింది భావకవిత్వం. దానికి దారి కూడా ఉంది. కీట్స్ తన ఉత్తరాల్లో రాడ్‌క్లిఫ్ పేరు చనువుగా తలుచుకున్నాడు. షెల్లీ 1810లో, కవిగా పేరు రాకముందే, ‘జస్త్రోజ్జీ’ అనే గోథిక్ నవల అచ్చు వేయించాడు. ఆ కవులను కాలేజీల్లో చదువుకున్న తరమే ఇక్కడ భావకవులయ్యారు. 1925 నాటి దేవులపల్లి కృష్ణశాస్త్రి ‘కృష్ణపక్షం’ పేరులోనే తరిగిపోయే వెన్నెల ఉంది. అయితే అక్కడ దిగులు కవి గొంతుతో నేరుగా మాట్లాడుతుంది, దాన్ని సరిచూసే కథ పక్కన ఉండదు. రాడ్‌క్లిఫ్ పాత్రకు దిగులు ఇచ్చి, దాని లెక్క కథ చేత తేల్పించింది.

## ఎమిలీ బలహీనురాలా?

నవలలో ఈ ప్రశ్నకు రెండు పాత్రలు జవాబిస్తాయి. ఒకటి లారెంటీనీ. ఉడోల్ఫో వారసురాలు, గారాబంగా పెరిగింది, కోరికను ఆపుకోవడం ఎవరూ నేర్పలేదు. తన ప్రియుడైన విల్లెరోయ్ మార్క్విస్ వేరే పెళ్లి చేసుకుంటే, అతన్ని మళ్లీ తన వైపు తిప్పుకుని అతని చేతనే భార్యకు విషం పెట్టిస్తుంది. తర్వాత సన్యాసినుల మఠంలో సిస్టర్ ఆగ్నెస్‌గా, అప్పుడప్పుడు మతి తప్పుతూ, రాత్రుళ్లు అడవుల్లో సంగీతం వినిపిస్తూ తిరుగుతుంది. ఉద్వేగాలకు మొదటిసారి లొంగేటప్పుడే జాగ్రత్తపడమని చనిపోయే ముందు ఎమిలీని హెచ్చరించేది ఆమే. ఎమిలీకి ఉన్న సంగీతం, ఒంటరి నడకలు, రాత్రి మీద ఇష్టం అన్నీ లారెంటీనీకీ ఉన్నాయి. తండ్రి గీసిన గీత ఒక్కటే లేదు.

రెండో జవాబు ఎమిలీ సొంత నడవడి. ఆమె మూర్ఛపోయే దృశ్యాలు గుర్తుపెట్టుకునే పాఠకులు ఆస్తి దృశ్యాలు మరిచిపోతారు. కోటలో అసలు ప్రమాదం దయ్యాలు కాదు, దస్తావేజులు. తూలూజ్ ఎస్టేట్లు తన పేర రాయలేదని మోంటోనీ భార్యను బురుజులో బంధిస్తే ఆమె జబ్బుపడి చనిపోతుంది. ఆస్తి ఎమిలీకి సంక్రమిస్తుంది. మోంటోనీ సంతకం అడిగితే, తన వాదనలో ఎంత న్యాయం ఉందో తన మనసుకు అంత బలమూ ఉందని, అణచివేతను ఎదిరించేటప్పుడు తాను ఓర్చుకోగలనని ఎదురుగా నిలబడి చెబుతుంది. చాలా ఒత్తిడి తర్వాత, విడుదల చేస్తాడన్న మాట మీదే సంతకం పెడుతుంది, అతను మాట తప్పుతాడు. తెర ముందు తడబడిన బుద్ధి దస్తావేజు ముందు తడబడలేదు. మనిషీ మాటా కాగితమూ పూర్తిగా కళ్ల ముందు ఉన్నప్పుడు ఎమిలీ చక్కగా చూడగలదు.

చదివేటప్పుడు కొన్ని పట్టించుకుంటే నవల వేరుగా తెరుచుకుంటుంది. సంక్షిప్త ప్రతుల్లో ముందుగా కోతపడేవి ప్రకృతి వర్ణనలూ పద్యాలే కాబట్టి వాటిని నమ్ముకోకూడదు. అవి పోతే ఎమిలీ భయం మాత్రమే మిగిలి, దాని వెనకున్న అలవాటు కనబడదు. భయం వచ్చిన ప్రతి దృశ్యంలోనూ దీపం ఎవరి చేతిలో ఉంది, గడియ ఏ వైపు ఉంది, ఎమిలీ ఎంతసేపు చూసింది, ఆ తర్వాత ఏం రాసింది అని చూసుకుంటూ పోవాలి. చివరి అధ్యాయాల పంపకాలను తొందరగా తిప్పేయకూడదు. ఉడోల్ఫో కోట లారెంటీనీ బంధువైన బొనాక్ భార్యకు పోతుంది, లారెంటీనీ తనకు రాసిచ్చిన సొమ్మును ఎమిలీ బొనాక్‌కు ఇచ్చేస్తుంది. తూలూజ్ ఆస్తిని వదిలించుకుని, తండ్రి చేజారిన పాత ఎస్టేటును కొంటుంది. కాపురానికి మాత్రం లా వాలేనే ఎంచుకుంటుంది.